విశ్వవిద్యాలయ ఇంక్యుబేటర్లు, పడమటి మండలాల వ్యాపారాలు

కొత్తగా వ్యాపారం పెట్టేవారికి మొదటి రెండు మూడేళ్ళు నీడనిచ్చే సంస్థను ఇంక్యుబేటర్ అంటారు. కూర్చోవడానికి చోటు, సరుకును పరీక్షించడానికి ప్రయోగశాల, లెక్కలు, లైసెన్సుల గురించి చెప్పే మనుషులు, కొంత తొలి పెట్టుబడి అది సమకూర్చేవి. విశ్వవిద్యాలయం నడిపే ఇంక్యుబేటర్లో వీటికి తోడు ఎన్నో ఏళ్ళుగా పేరుకున్న పరిశోధన కూడా అందుబాటులో ఉంటుంది. పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇలాంటి కేంద్రాలు ముఖ్యంగా తిరుపతిలో పెరిగాయి. వాటి అవసరం బాగా ఉన్న ప్రాంతాల్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న పడమటి మండలాలు ఒకటి. కేంద్రాలు ఘాట్ కింద, ముడిసరుకు ఘాట్ పైన ఉండటం వల్ల వచ్చిన చిక్కులేమిటో, ఆ సాయం ఎలా అందుతుందో ఈ వ్యాసంలో చూద్దాం.

పేరు ఎలా వచ్చింది

ఈ మాట నిజంగానే కోళ్ళ దగ్గర నుంచి వచ్చింది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో బటావియా అనే చిన్న పట్నం ఉంది. అక్కడ మాసీ–హారిస్ వ్యవసాయ యంత్రాల కర్మాగారం మూతబడితే, ఆ పెద్ద భవనాన్ని మాన్‌కూసో అనే స్థానిక వ్యాపార కుటుంబం కొన్నది. మొత్తం భవనాన్ని తీసుకునే ఒక్క పెద్ద కంపెనీ దొరక్కపోవడంతో, 1959లో జోసెఫ్ మాన్‌కూసో దాన్ని ముక్కలు చేసి చిన్న వ్యాపారులకు అద్దెకిచ్చాడు. సలహాలూ ఇచ్చాడు, అప్పు పుట్టించడంలో సాయమూ చేశాడు. అద్దెకు దిగినవాళ్ళలో కోడిపిల్లల కంపెనీ ఒకటుండేది. చూడ్డానికి వచ్చినవాళ్ళతో, మేమూ ఇక్కడ వ్యాపారాలను పొదుగుతున్నామని ఆయన సరదాగా అనేవాడట. ఆ సరదా మాటే స్థిరపడిపోయింది. హేచరీలకు పేరుమోసిన చిత్తూరు జిల్లా వాసికి ఈ పోలిక విడమరిచి చెప్పనక్కర్లేదు. గుడ్డులో జీవం లేకపోతే ఎంత వెచ్చబెట్టినా పిల్ల రాదనీ తెలుసు, ఇరవై ఒకటో రోజు దాటాక పిల్లను యంత్రంలోనే ఉంచకూడదనీ తెలుసు.

మన దేశంలో దీనికి పునాది 1982లో పడింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద ఆ ఏడాది జాతీయ స్థాయిలో ఒక ఔత్సాహిక పారిశ్రామిక అభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇంజినీరింగ్ కళాశాలల ఆవరణల్లో పార్కులు పెట్టడంతో అది పని మొదలుపెట్టింది. 2000 తర్వాత టెక్నాలజీ బిజినెస్ ఇంక్యుబేటర్లు వచ్చాయి. వ్యవసాయంలో మొదట అడుగు వేసింది మన తెలుగునేలే. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 2003లో వ్యవసాయ వ్యాపార ఇంక్యుబేటర్ మొదలైంది. 2016 నుంచి వేగం పెరిగింది. స్టార్టప్ ఇండియా, అటల్ ఇన్నోవేషన్ మిషన్, శాస్త్ర సాంకేతిక శాఖ ‘నిధి’ పథకాలు వరసగా రావడంతో, ఇంక్యుబేటర్ లేని విశ్వవిద్యాలయం వెనకబడినట్టు లెక్క అయింది. దాంతో కొన్నిచోట్ల బోర్డు పెట్టడంతోనే పని అయిపోయిన మాట కూడా నిజం.

ఒకే రోడ్డు మీద మూడు ఊళ్ళు

చిత్తూరు సీమవాళ్ళు పడమటి మండలాలు అనేది ఘాట్ ఎక్కాక వచ్చే పీఠభూమిని. తిరుపతి నుంచి మదనపల్లెకు భాకరాపేట ఘాట్ మీదుగా, చిత్తూరు నుంచి పలమనేరుకు మొగిలి ఘాట్ మీదుగా వెళ్ళాలి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తిరుపతి ఎండల్లో మాడుతున్నప్పుడు ఇక్కడ టమోటా కాపుకొస్తుంది. అనంతపురం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి వెళ్ళే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఊళ్ళను ఒకే దారానికి గుచ్చినట్టు కలుపుతుంది. పలమనేరు–కుప్పం–మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ పేరులోనే ఈ దారి కనిపిస్తుంది. జిల్లాల పునర్విభజనతో 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్ళకు ఇంక్యుబేటర్లు పొరుగు జిల్లాలోకి వెళ్ళిపోయాయి.

చదువుల విషయంలో మాత్రం ఈ పీఠభూమి వెనకబడింది కాదు. అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో కళాశాల పెట్టించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో అక్కడ ఉన్న రోజుల్లోనే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ఊరి బయట అంగళ్లు దగ్గర 1998లో మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ వచ్చింది. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపించారు. లోటు కళాశాలల సంఖ్యలో లేదు. కళాశాలలో ఉన్న యంత్రానికీ, మండీలో ఉన్న సరుకుకూ మధ్య దారి లేదు. ఇంక్యుబేటర్ పని ఆ దారి వేయడమే.

తిరుపతిలో ఏమున్నాయి

ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తిరుపతిలో ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. వేరుశనగ పరిశోధనకు పేరున్న చోటు. కేంద్ర వ్యవసాయ శాఖ ఆర్.కె.వి.వై.–రఫ్తార్ పథకం కింద ఈ విశ్వవిద్యాలయం ‘పోషణ్’ అనే వ్యవసాయ వ్యాపార ఇంక్యుబేటర్‌ను తిరుపతిలో నడుపుతోంది. 2018–19లో ఈ పథకం వ్యవసాయ స్టార్టప్‌ల వైపు మళ్ళినప్పుడు పెట్టిన నియమాలు తెలుసుకోదగ్గవి. ఎంపికైనవాళ్ళకు రెండు నెలల శిక్షణ, నెలకు 10,000 రూపాయల భృతి. ఆలోచన ఇంకా నమూనా దశలో ఉంటే 5 లక్షల దాకా సాయం, అందులో 10 శాతం దరఖాస్తుదారు పెట్టుకోవాలి. సరుకు తయారై అమ్మకానికి దిగబోతుంటే 25 లక్షల దాకా, సొంత వాటా 15 శాతం. ఇది అప్పు కాదు, గ్రాంటు. కానీ ఒక్కసారిగా చేతికి రాదు, విడతలుగా వస్తుంది. ముందు విడతకు లెక్క చూపితేనే తర్వాతి విడత.

1983లో మొదలైన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం మహిళా వ్యాపారుల కోసం శాస్త్ర సాంకేతిక శాఖ ఊతంతో ఒక టెక్నాలజీ బిజినెస్ ఇంక్యుబేటర్‌ను పెట్టింది. తిరుపతి ఐ.ఐ.టి. తరఫున నవావిష్కార్ ఐ–హబ్ ఫౌండేషన్ ఉంది. స్థాననిర్ణయం, కచ్చితమైన కొలతల సాంకేతికతలు దాని రంగం. పొలం మీద డ్రోన్ ఎగరేయాలనుకునేవాడు వెళ్ళాల్సింది అక్కడికి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో తిరుపతిలో ఏర్పడింది. దాని పరిశోధన కేంద్రాల్లో ఒకటి పడమటి గడ్డ మీదే, పలమనేరులో ఉంది.

సాధారణంగా ఇంక్యుబేటర్‌ను విశ్వవిద్యాలయంలో ఒక శాఖలాగా నడపరు. సొసైటీగానో, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీగానో విడిగా నమోదు చేస్తారు. విశ్వవిద్యాలయ ఖాతాలోంచి ప్రైవేటు వ్యాపారికి డబ్బు ఇవ్వాలంటే ఆడిట్ ఒప్పుకోదు, అందుకని ఈ ఏర్పాటు. దరఖాస్తు రావడం, వడపోత, శిక్షణ, నిపుణుల కమిటీ ముందు చెప్పుకోవడం, ఒప్పందం, విడతలు ఈ వరసలోనే సాగుతాయి. కొన్ని కేంద్రాలు గ్రాంటుకు బదులుగా కంపెనీలో చిన్న వాటా తీసుకుంటాయి. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో కూడా డబ్బు ఇంక్యుబేటర్ల ద్వారానే వెళ్ళేలా నియమం పెట్టారు. నమూనా నిరూపణకు 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్లోకి దిగడానికి 50 లక్షల దాకా అప్పు లేదా వాటాలుగా మార్చుకోదగ్గ రుణపత్రాలు.

మదనపల్లె: కిలో టమోటా పొడి లెక్క

మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోని అతి పెద్ద వాటిలో ఒకటి. సీజన్లో రోజుకు వెయ్యి టన్నులు దాటి సరుకు వస్తుంది. తెల్లవారక ముందే లారీలూ ఆటోలూ మండీల ముందు బారులు తీరతాయి, క్రేట్లు వరసలు కడతాయి, వేలం మొదలవుతుంది. రైతుకు ఆ రోజు పండగో దండగో ఒక గంటలో తేలిపోతుంది. 2023 జూలై చివర్లో ఇక్కడ మొదటి రకం కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. సెప్టెంబరు వచ్చేసరికి పది రూపాయల దగ్గర తచ్చాడింది. 2018 బడ్జెట్లో కేంద్రం టమోటా, ఉల్లి, బంగాళదుంపల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించినప్పుడు చిత్తూరు జిల్లా టమోటా క్లస్టర్ల జాబితాలో చేరింది కూడా ఈ ఎగుడుదిగుళ్ళ వల్లే.

ధర పడిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఆరబెట్టి పొడి చేద్దామంటారు. మంచి ఆలోచనే. ఇంక్యుబేటర్ గుమ్మం తొక్కినప్పుడు ఆ ఆలోచన ఏమవుతుందో దగ్గరగా చూద్దాం.

టమోటాలో 94, 95 శాతం నీళ్ళే. తొక్కా గింజా పోగా, కిలో పొడి రావాలంటే ఇంచుమించు 20 కిలోల కాయ కావాలి. కిలో ఐదు రూపాయలున్న రోజున ముడిసరుకు ఖర్చు 100. కిలో 200 ఉన్న రోజున అదే పొడికి 4,000. పొడి కొనే మసాలా కంపెనీ మాత్రం ఏడాది పొడవునా ఒకే ధర అడుగుతుంది. అంటే ఈ వ్యాపారంలో డ్రయ్యర్ చిన్న విషయం. చౌకగా ఉన్న ఆరేడు వారాల్లోనే ఏడాదికి సరిపడా ఆరబెట్టి, పాడుకాకుండా దాచగలగడమే అసలు పని. దానికి కావలసింది ఆ ఆరేడు వారాల్లో చేతిలో ఆడే డబ్బు. ఈ లెక్క దరఖాస్తుదారు తనంతట తాను వేసుకుని రావడం తక్కువ. మంచి సలహాదారు మొదటి రోజే కాగితం మీద వేయించేది ఇదే.

తర్వాత ప్రయోగశాల వంతు. టమోటా పొడి గాలిలో తేమను ఇట్టే పీల్చుకుని ముద్ద కడుతుంది. ఎంత తేమ దగ్గర ఆపాలి, ఎంత వేడి దాటితే ఎర్రదనం మాడి ఇటుక రంగుకు తిరుగుతుంది, మామూలు ప్లాస్టిక్ కవరు చాలుతుందా, లోపల అల్యూమినియం పొర ఉన్నది కావాలా అన్నవి ఇంట్లో తేల్చుకోలేని ప్రశ్నలు. ప్యాకెట్లను వేడీ తేమా ఎక్కువున్న పెట్టెలో కొన్ని వారాలు ఉంచి చూస్తే, షెల్ఫు మీద ఎన్ని నెలలు నిలుస్తాయో అంచనా దొరుకుతుంది. ప్యాకెట్ మీద వేసే ‘ఇన్ని నెలల్లోపు వాడండి’ అన్న వాక్యం వెనక ఉండాల్సిన పని ఇది.

కెచప్ చేద్దామనుకునేవాళ్ళకు ఇంకో చేదు నిజం ఎదురవుతుంది. ఉప్పు తీసేస్తే కెచప్‌లో కరిగిన ఘనపదార్థం కనీసం 25 శాతం ఉండాలని ఆహార భద్రతా నిబంధన. మదనపల్లె పొలాల్లో వేసేది సాహో లాంటి సంకర రకాలు. ఢిల్లీ దాకా లారీలో నలగకుండా వెళ్ళాలని గట్టి తొక్కతో రూపొందించినవి. నీరెక్కువ, గుజ్జు పలచన. చిక్కబరచాలంటే మరిగించే ఇంధనం తడిసిమోపెడవుతుంది. ఫ్యాక్టరీకి పనికొచ్చే రకం వేస్తే మండీలో కొనేవాడుండడు, మండీ రకం వేస్తే ఫ్యాక్టరీకి గిట్టదు. ఈ ముడి విప్పడం ఒక స్టార్టప్ వల్ల అయ్యే పని కాదు. విత్తనాల శాస్త్రవేత్త, రైతు సంఘం, కొనుగోలు ఒప్పందం రాసుకునే కంపెనీ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇంక్యుబేటర్‌కు ప్రైవేటు ఇంక్యుబేటర్ మీద ఉన్న ఆధిక్యం ఇక్కడే. వ్యవసాయ శాస్త్రవేత్తలు అదే సంస్థ జీతం మీద ఉంటారు.

మదనపల్లె అంటే టమోటా ఒక్కటే కాదు. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే మగ్గాలున్నాయి. నేతగాడికి కావలసింది ప్రయోగశాల కాదు. డిజైను, దారం కొనడానికి అప్పు, ఆన్‌లైన్లో చీరను చూపించగల ఫొటో కావాలి. సాంకేతిక నవ్యత కోసం వెతికే ఇంక్యుబేటర్ నియమాల్లో ఈ అవసరాలు ఇమడవు. వాళ్ళు మహిళా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల కాస్త ఎక్కువ ఊరట ఆశించవచ్చు.

పుంగనూరు: పొట్టి ఆవు, పొడుగాటి ధర

పుంగనూరు పేరు చెప్పగానే ఆవు గుర్తొస్తుంది. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. కొద్దిపాటి మేతతో బతుకుతుంది, కరువుకు తట్టుకుంటుంది. ఒకప్పుడు సంకరజాతి ఆవుల వరదలో దాదాపు కనుమరుగైన ఈ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రం నిలబెట్టుకుంటూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపిస్తున్న చిత్రాలు వచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. నగరాల్లో ఇంటి పెరట్లో ముద్దుకు పెంచుకునేవాళ్ళు లక్షలు పెట్టి కొంటున్నారు.

ఇలాంటి వేడి మార్కెట్లో విశ్వవిద్యాలయం చేయగల మేలు డబ్బివ్వడం కాదు, రుజువు చూపడం. పాలలో 8 శాతం వెన్న అన్న మాట ఊరూరా తిరుగుతోంది. మామూలు ఆవుపాలలో మూడున్నర, నాలుగు శాతం ఉంటుంది. నెయ్యి సీసా మీద ఆ అంకె అచ్చువేసే ముందు, వ్యాపారి తన మందలోని ఒక్కో ఆవు పాలను వెన్న శాతం చూపే గెర్బర్ గొట్టంలో పోసి, వరసగా కొన్ని వారాలు కొలిచి చూసుకోవాలి. దూడ పొట్టిగా ఉన్నంత మాత్రాన పుంగనూరు జాతి అయిపోదు. తల్లిదండ్రుల వివరాలు, చెవి పోగు నంబరు, అవసరమైతే జన్యుపరీక్ష కావాలి. వంశావళి పత్రం ఉన్న దూడకూ లేని దూడకూ ధరలో తేడా వచ్చిన రోజునే నిజాయితీగా పెంచేవాడికి గిట్టుబాటవుతుంది. పిండమార్పిడి, కృత్రిమ ఫలదీకరణ వంటి పనులు పశువైద్య విశ్వవిద్యాలయం చేతిలోనే ఉన్నాయి కాబట్టి, ఈ రంగంలో ఇంక్యుబేటర్ అంటే అదే.

కుప్పం: పాత పాఠం ఒకటి

మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న కుప్పం ప్రయోగాలకు అలవాటుపడ్డ ఊరు. 1989 నుంచి చంద్రబాబునాయుడు నియోజకవర్గం కావడం దానికి ముఖ్య కారణం. 1990ల రెండో సగంలో ఇజ్రాయెల్ పద్ధతిలో బిందుసేద్యం వచ్చింది. 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ప్రభుత్వంతో కలిసి ‘ఐ–కమ్యూనిటీ’ని ప్రారంభించింది. అప్పటికి ఇంక్యుబేటర్ అనే మాట ఈ చుట్టుపక్కల వినపడకపోయినా, జరిగింది ఇంచుమించు అదే.

ఊళ్ళలో సమాచార కేంద్రాలు పెట్టి, వాటిని స్థానికుల చేత వ్యాపారంగా నడిపించారు. ఇంకా ఆసక్తికరమైన పని ఇంకొకటి. డ్వాక్రా సంఘాల నుంచి కొందరు ఆడవాళ్ళను తీసుకుని డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సూర్యరశ్మితో బ్యాటరీ నింపే పలక ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. భుజాన సంచి వేసుకుని ఊరూరా తిరిగి, గుర్తింపు కార్డులకూ పెళ్ళిళ్ళకూ ఫొటోలు తీసి అక్కడికక్కడే చేతికిచ్చేవారు. కరెంటు ఉండీ లేని పల్లెల్లో, స్టూడియో కోసం కుప్పం దాకా బస్సెక్కాల్సిన రోజుల్లో అది నిజమైన అవసరం. కొందరి కుటుంబాదాయం రెట్టింపయిందని అప్పట్లో విదేశీ పత్రికలు రాశాయి.

అయితే ప్రింటరూ కాగితమూ సిరా డబ్బా అన్నీ ఒకే కంపెనీవి. ఫొటోకు ఎంత తీసుకోవాలన్నది సిరా ఖర్చును బట్టి తేలుతుంది. తర్వాతి ఏళ్ళలో ప్రతి చేతికీ ఫోన్ కెమెరా వచ్చేసింది. ఆ ఆడవాళ్ళు నేర్చుకున్నది మాత్రం పోలేదు: లెక్క రాయడం, ధర చెప్పడం, తెలియని ఊళ్ళో తలుపు తట్టడం. కంపెనీ నడిపే కార్యక్రమం గడువు తీరాక సర్దుకుని వెళ్ళిపోతుంది, విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోవడానికి వేరే ఊరుండదు. ఈ తేడాకు కుప్పం సాక్ష్యం.

ఇప్పటి కుప్పంలో నారు నర్సరీలు, కూరగాయలు, పట్టుగూళ్ళు, పాలు, గ్రానైట్ ముఖ్యం. నర్సరీనే తీసుకుంటే, ప్రోట్రేల్లో లక్షల మొక్కలు పెంచి మూడు రాష్ట్రాల రైతులకు అమ్ముతారు. వడలు తెగులు తట్టుకునే వంగ మొదలు మీద టమోటా కొమ్మ అంటుకట్టడం లాంటి పనిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం సాయపడితే మొక్క ధర ఎన్నో రెట్లవుతుంది. పాలలో తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ, పూర్తిగా ఆడవాళ్ళే వాటాదారులుగా పెద్ద సంస్థ నడవగలదని ఈ సీమలోనే చూపించింది. ద్రావిడ విశ్వవిద్యాలయం భాషల విశ్వవిద్యాలయం. వ్యాపారంతో దానికేం పని అనిపించవచ్చు. కానీ కుప్పంలో తయారైన ప్యాకెట్ కోలారులో కన్నడంలో, కృష్ణగిరిలో తమిళంలో మాట్లాడాలి. మూడు భాషల్లో తప్పుల్లేకుండా చదివించే లేబుల్ రాయగలవాళ్ళు దగ్గర్లో మరెక్కడా అంతమంది లేరు.

ఎక్కడ తట్టుకుంటుంది

మొదటి అడ్డంకి నిర్వచనం. గ్రాంటు కావాలంటే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీనో, ఎల్.ఎల్.పి.నో, భాగస్వామ్యమో నమోదు చేసుకోవాలి, కొత్తదనం చూపాలి. ఊరగాయలు పెట్టి నెలకు ఇరవై వేలు సంపాదించే ఆమెకు కంపెనీ రిటర్నులు రాసే ఆడిటర్ ఫీజే భారం. ఆమెకు తగినవి వేరే ఉన్నాయి. 2020లో వచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు రాయితీ పెట్టారు. స్వయం సహాయక సంఘ సభ్యురాలికి తొలి పెట్టుబడిగా 40,000 దాకా ఇచ్చే వీలూ అందులో పెట్టారు. ముద్రా అప్పులున్నాయి. తన దగ్గరికొచ్చిన మనిషి స్టార్టప్ కాదని గుర్తించి, సరైన కిటికీ దగ్గరికి పంపించడం కూడా ఇంక్యుబేటర్ చేయాల్సిన సాయమే. కానీ ఆ పంపడం ఎవరి నివేదికలోనూ అంకెగా కనిపించదు.

రెండోది కాలం. కమిటీ కొన్ని నెలలకోసారి కూర్చుంటుంది. టమోటా ధర మూడు వారాల్లో తిరగబడుతుంది. డ్రయ్యర్ కోసం వచ్చే రెండో విడత డబ్బు కాయ ఖరీదెక్కాక చేతికొస్తే, ఆ ఏడాది యంత్రం ఖాళీగా పడి ఉంటుంది.

మూడోది భాష. దరఖాస్తు ఇంగ్లీషులో, కమిటీ ముందు చూపే స్లైడ్లు ఇంగ్లీషులో. పీఠభూమి మీద నలభై ఏళ్ళు నర్సరీ నడిపిన రైతు కంటే, అతని దగ్గర రెండు నెలలు తిరిగి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడికే గ్రాంటు దక్కే అవకాశం ఎక్కువ. ఇద్దరూ కలిసి వస్తే బాగుంటుందని చెప్పేవాళ్ళు కావాలి.

ఇక దూరం సంగతి. 2025 ఆగస్టు 20న మంగళగిరిలో స్టార్టప్‌ల కోసం రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. దాని ఐదు ప్రాంతీయ కేంద్రాల్లో తిరుపతి ఒకటి. అక్కడికి కుప్పం నుంచి నమూనా ప్యాకెట్లు పట్టుకుని వెళ్ళాలంటే వి.కోట, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు దాటాలి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతారు, అధికారి భోజనానికి వెళ్ళి ఉంటే ఇంకో పూట. అదే కుప్పం స్టేషన్లో రైలెక్కితే రెండు గంటలకు అటూ ఇటూగా బెంగళూరు వచ్చేస్తుంది.